రెండు గ్రూపులను పోల్చాలంటే ఒకే డిజైనా, ఎవరిది వారికా?

ఒక చికిత్సలో రోగులు దేనికి విలువిస్తారు, డాక్టర్లు దేనికి విలువిస్తారు? విడిగా అడిగితే ఇద్దరూ అన్నీ ముఖ్యమే అంటారు. రెండు చికిత్సలు పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోమంటే మాత్రం ఏదో ఒకటి వదులుకోక తప్పదు. డిస్క్రీట్ చాయిస్ ఎక్స్‌పెరిమెంట్ చేసే పని అదే. ఏ జతలను అడగాలో ఏరుకున్న ఆ ప్రశ్నల వరుసనే డిజైన్ అంటారు. అయితే ఆ ప్రశ్నలు ఇద్దరికీ ఒకటే ఉండాలా, వేరువేరుగా ఉండాలా?

విడి డిజైన్‌ను కోరేవాళ్ల మాట తీసిపారేసేది కాదు. చికిత్సకు దుష్ప్రభావం, ఎదురుచూపు లాంటి నాలుగు అంశాలు, ఒక్కోదానికి నాలుగు లెవెల్స్ (స్థాయిలు) అనుకుంటే 256 రకాల చికిత్సలు తయారవుతాయి. జతలు కడితే 32,640. అడగగలిగేది ఓ పదహారు. ఆ పదహారూ ఏవన్నది ముందుగా చేసే చిన్న పైలట్ సర్వే అంచనాలను బట్టి ఏరుకుంటాం. రోగుల అంచనాలు వేరు, డాక్టర్లవి వేరు కాబట్టి ఎవరికి తగ్గ జతలు వాళ్లకిస్తే తక్కువ మందితోనే పని అవుతుంది.

అయినా నా ఓటు ఒకే డిజైన్‌కే. జవాబులను విశ్లేషించే చాయిస్ మోడల్ ఒక్కో అంశానికి ఇచ్చే అంకెలో, అంటే కోఎఫిషియెంట్‌లో, ఇష్టంతో పాటు సమాధానాల నిలకడ కూడా కలిసిపోయి ఉంటుంది. ఆ నిలకడనే స్కేల్ అంటారు. రోగుల్లో దుష్ప్రభావానికి -0.6, వారం ఎదురుచూపుకు -0.2 వచ్చాయనుకోండి. డాక్టర్లలో -1.2, -0.4. డాక్టర్లు రెట్టింపు పట్టించుకుంటున్నారని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. నిష్పత్తి రెండు చోట్లా 3. దుష్ప్రభావం తప్పుతుందంటే ఇద్దరూ మూడు వారాలు ఆగుతారు. డాక్టర్ల జవాబుల్లో తడబాటు తక్కువ, అంతే. ఇష్టాల తేడాను స్కేల్ తేడా నుంచి విడదీసే పరీక్షను పరిశోధకులు స్వేట్, లూవియర్ 1993లోనే ఇచ్చారు. కానీ దగ్గరదగ్గరగా ఉండే కష్టమైన జతలిస్తే ఎవరైనా తడబడతారు. ఒక గ్రూపుకే అలాంటివి ఎక్కువ పడితే, ఆ తడబాటు మనుషులదో ప్రశ్నలదో ఏ పరీక్షా తేల్చదు. అందుకే రెండు గ్రూపుల అంచనాలనూ కలిపి, ఇద్దరికీ ఫర్వాలేదనిపించే డిజైన్ ఒక్కటి చేయడం మేలు.

ఒకే డిజైన్ కుదరని చోట్లూ ఉన్నాయి. చికిత్స ఖర్చు ఒక అంశమైతే, డాక్టర్ దాన్ని తన జేబులోంచి పెట్టడు. "మీ రోగికి ఏది రాస్తారు?" అని అడిగితే ప్రశ్నే మారిపోయింది, ఇక పోలిక దేనితో?

ఎంతమంది కావాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. ఒక్కొక్కరికి ఎనిమిది ప్రశ్నలు, ప్రశ్నకు రెండు ఆప్షన్లు, గరిష్ఠంగా నాలుగు లెవెల్స్ ఉంటే వాడుకలో ఉన్న 500 లెక్క (500ను లెవెల్స్‌తో గుణించి, ప్రశ్నలు, ఆప్షన్ల లబ్ధంతో భాగించడం) ప్రకారం 125 మంది చాలు. అది ఒక గ్రూపుకు! పైగా రెండు గ్రూపుల మధ్య తేడాను కూడా అంతే కచ్చితంగా చూడాలంటే గ్రూపుకు 250 కావాలి. పదహారు ప్రశ్నలను ఎనిమిదేసి చొప్పున రెండు బ్లాకులుగా విడదీసి ఒక్కొక్కరికి ఒక బ్లాకే ఇస్తే, వాటిని ఏ గ్రూపుకు ఆ గ్రూపులోనే సమంగా పంచాలి. మొత్తం జనానికి కలిపి పంచమని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే చిన్న గ్రూపులో ఒక బ్లాకే ఎక్కువ మందికి పడొచ్చు. అప్పుడు వద్దనుకున్న విడి డిజైనే దొడ్డిదారిన వచ్చి కూర్చుంటుంది.