రోలింగ్ స్టోన్స్ ‘హ్యాక్నీ డైమండ్స్’: రికార్డును రెండో వైపుకు తిప్పాక

2003 ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వానలో తడుస్తూ బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ కచేరీ విన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. హిందూపురం నుంచి చదువు కోసం ఈ ఊరు వచ్చిన నన్ను మా బావగారే వెంటబెట్టుకుని వెళ్లారు. బృందం గాయకుడు మిక్ జాగర్‌కు ఆ ఏడాదితో అరవై నిండుతున్నాయి కాబట్టి ఈ బృందాన్ని చూడడం ఇదే ఆఖరని తిరిగి వస్తూ ఆయన అన్నారు, నేనూ అదే నిజమనుకున్నాను. ఇరవై ఏళ్లు గడిచి జాగర్‌కు ఎనభై నిండాక, 2023 అక్టోబరు 20న, వాళ్లు ‘హ్యాక్నీ డైమండ్స్’ పేరుతో పన్నెండు పాటల ఆల్బమ్ విడుదల చేశారు. దాని ఎల్పీని (గ్రామఫోన్ రికార్డును) చాలా నెలలుగా వింటున్నాను. తొలి ఉత్సాహం తగ్గాక కూడా నిలిచిన అభిప్రాయాన్నే ఇక్కడ రాస్తున్నాను.

2005 తరువాత ఈ బృందం సొంత పాటలతో ఆల్బమ్ చేయడం ఇదే మొదటిసారి. మధ్యలో 2016లో వచ్చినదాంట్లో ఉన్నవి వాళ్లు మళ్లీ పాడిన ఇతరుల పాత బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) పాటలు. హ్యాక్నీ లండన్‌లో ఒక ప్రాంతం. కారు అద్దాలు పగలగొట్టినప్పుడు రోడ్డు మీద రాలిన గాజుముక్కలను అక్కడి వాడుకలో ‘హ్యాక్నీ డైమండ్స్’, అంటే హ్యాక్నీ వజ్రాలు, అంటారట. నిర్మాత ఆండ్రూ వాట్ 1990లో పుట్టినవాడు, వయసులో వీళ్లకు మనవడి వరస. పాటలను సాగదీయకుండా బిగించి, చాలావాటిని నాలుగు నిమిషాల చుట్టుపక్కలే ముగించడంలో అతని పట్టు తెలుస్తుంది.

మొదటి వైపున ఆగి వినవలసినది ‘బైట్ మై హెడ్ ఆఫ్’. 1977 ప్రాంతంలో పంక్ అనే వేగవంతమైన, మొరటు రాక్ వాయించే లండన్ కుర్రాళ్లు ముసలి బృందాలంటూ తోసిపుచ్చినవాటిలో స్టోన్స్ ముందు వరసలో ఉండేది. ఆ పంక్ వేగంతోనే ఈ పాట మొదలవుతుంది, పైగా ఇందులో బేస్ గిటార్ వాయించినది బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్నీ. పాట మధ్యలో ఆ బేస్ బొంగురుగా గరగరలాడుతూ ఒక్కసారి ముందుకు వస్తుంది. జాగర్, మెకార్ట్నీ ఇద్దరి వయసూ ఎనభైకి అటూఇటూ అన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండదు. ‘యాంగ్రీ’ కూడా ఉరకలు వేసే పాటే. ‘డిపెండింగ్ ఆన్ యూ’ మాత్రం ఎవరు పాడినా ఇలాగే ఉంటుందనిపించే పాట, నాకు రుచించలేదు.

రికార్డు తిప్పి ముల్లు పెట్టగానే చార్లీ వాట్స్ వినిపిస్తారు. 1963 నుంచి ఈ బృందానికి డ్రమ్స్ వాయించిన ఆయన 2021 ఆగస్టులో కన్నుమూశారు; 2019లో రికార్డు చేసి ఉంచిన రెండు పాటలు, ‘మెస్ ఇట్ అప్’, ‘లివ్ బై ద స్వోర్డ్’, ఈ వైపు మొదట్లో వరసగా వస్తాయి. డ్రమ్స్ ఉన్న మిగతా పాటలకు వాయించిన స్టీవ్ జోర్డన్ సమర్థుడే, ఆయన దెబ్బలో బరువుంది. కానీ చార్లీ వాయిద్యంలో ఒక అలవాటు ఉంది: స్నేర్ అనే డ్రమ్ మీద దెబ్బ పడే క్షణంలో కుడిచెయ్యి హై-హ్యాట్ తాళాల మీది నుంచి లేచిపోతుంది. ఆ రెప్పపాటు ఖాళీ వల్ల దెబ్బ ఒంటరిగా, స్పష్టంగా మోగుతుంది, పాట కాస్త వెనక్కి వాలి నడుస్తున్నట్టు ఉంటుంది. బెంగళూరు చామరాజపేట రామనవమి కచేరీలలో పెద్ద విద్వాంసుల మృదంగం విన్నవారికి, కొట్టని చోట కూడా లయ నిలబడుతుందన్న సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ‘లివ్ బై ద స్వోర్డ్’లో బేస్ వాయించినది 1990లలో బృందాన్ని విడిచిన బిల్ వైమన్. పాత జోడీ మళ్లీ ఒక్క పాటకు కలిసింది.

లోపాలూ చెప్పాలి. ధ్వని మొత్తాన్ని ఒకే ఎత్తుకు పెంచి నొక్కేశారు. నెమ్మదైన చోట, హోరెత్తే చోట తేడా తగ్గింది, ఇయర్‌ఫోన్లతో వింటే అరగంటకే చెవి అలసిపోతుంది. రికార్డు మీద ఈ ఇబ్బంది నాకు కొంత తక్కువగా తోచింది. కొనేవారు తెరిచిన వెంటనే రికార్డును కంటి ఎత్తున సమతలంగా పట్టుకుని చూడాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన నా మొదటి ప్రతి అంచు దగ్గర వంగి వచ్చింది. ముల్లు ప్రతి చుట్టుకూ ఎగిరిపడుతుంటే వాపసు చేసి, రెండోదాన్ని ఊళ్లోనే దుకాణంలో చూసి తెచ్చుకున్నాను.

చివరి రెండు పాటల కోసమైనా ఈ రికార్డు కొనవచ్చు. ‘స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్’ ఏడు నిమిషాలకు పైగా సాగే పాట. ముగిసిందనుకున్న చోట లేడీ గాగా గొంతు, స్టీవీ వండర్ పియానో మళ్లీ మెల్లగా అందుకుంటాయి, జాగర్ వాళ్లతో పోటీపడి పైస్థాయికి వెళతాడు. తరువాత ఆఖరి పాట ‘రోలింగ్ స్టోన్ బ్లూస్’లో అంతా నిశ్శబ్దమై, ఒక గిటార్, ఒక మౌతార్గాన్, జాగర్ గొంతు మాత్రమే మిగులుతాయి. అది అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1950లో రికార్డు చేసిన పాట, 1962లో ఈ బృందం పేరు తీసుకున్నది దాని నుంచే. మొన్న విజయనగర్‌లోని మా ఇంటికి వచ్చిన బావగారికి ఇది వినిపించాను. పాట అయిపోయి ముల్లు లేచాక, రెండో వైపే మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు.