ఒంగోలులో మెమోకు సంజాయిషీ రాయించుకున్న చోటు

ఒంగోలులో కోర్టుల దగ్గర, ఒక పాత మేడ మీద రెండు చిన్న గదుల్లో నడుస్తున్న డ్రాఫ్టింగ్ కార్యాలయం గురించి రాస్తున్నాను. సర్వీసు కేసులు చూసే ఒక న్యాయవాది, విద్యాశాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, టైపు చేసే ఒక కుర్రవాడు అక్కడ ఉంటారు. మెమోలకూ షోకాజ్ నోటీసులకూ సమాధానాలు రాసిపెట్టడమే వారి ముఖ్యమైన పని. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి ఉపాధ్యాయులు కాగితాలు చంకన పెట్టుకుని వస్తుంటారు. నేనూ అలాగే వెళ్లాను.

నాకు వచ్చిన మెమో సోషల్ మీడియాలో చేసిన వ్యాఖ్య మీద. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు యాప్ వచ్చినప్పుడు, మా బడి ఆవరణలో సిగ్నల్ అందక, గోడ పక్కన రాయి మీద నిలబడి ఫోను పైకెత్తి ముఖం చూపించుకోవలసిన పరిస్థితి ఉండేది. ఆ బాధను ఉపాధ్యాయులు మాత్రమే ఉన్న ఒక వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాల్లో రాశాను. మొదటి మూడు వాక్యాలు సిగ్నల్ గురించి, నాలుగోది మాత్రం ఒక అధికారిని తూలనాడేలా ఉంది. ఎవరో ఆ నాలుగో వాక్యాన్ని మాత్రమే మిగిల్చి స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో వచ్చింది. మూడు రాత్రులు కూర్చుని ఐదు పేజీల జవాబు నేనే రాసుకున్నాను, అందులో న్యాయం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

పెద్దాయన నా ఐదు పేజీలనూ పక్కన పెట్టి ముందు మెమోనే చదివారు. రెండుసార్లు చదివి, ఏ నియమం కింద ఇచ్చారో పెన్సిలుతో గీత గీశారు. ప్రభుత్వోద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1991 నాటి సీసీఏ నియమాల్లో 22వ నియమం ప్రకారం ఇస్తే చిన్న శిక్షల దారి, అంటే అభిశంసన (శిక్షగా ఇచ్చే రాతపూర్వక మందలింపు) లేదా ఇంక్రిమెంటు నిలుపుదల వంటివి. 20వ నియమం ప్రకారం అభియోగాలు మోపితే విచారణాధికారి, సాక్షులు, చివరకు ఉద్యోగం పోయేదాకా వెళ్లగల పెద్ద శిక్షల దారి అని ఆయన చెప్పినప్పుడు, ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు చేసి కూడా ఈ తేడా నాకు తెలియనందుకు నిజంగా బాధ కలిగింది.

తరువాత నా ఫోను అడిగారు. గ్రూపులోని అసలు సందేశాన్ని తేదీ, సమయం, ముందూ వెనుకా ఉన్న మాటలతో సహా తెరిచి చూపించమన్నారు. భయపడి చెరిపేసి ఉంటే ఈ నాలుగో వాక్యం ఒక్కటే లోకంలో మిగిలేది కదా మాస్టారూ అన్నారు. ఆ మాట విన్నాక, మెమో రాగానే అన్నీ తుడిచేయమని సలహా ఇచ్చిన స్నేహితుల మాట నేను వినకపోవడం ఎంత మేలు చేసిందో అర్థమైంది.

న్యాయవాది గారు నా పక్షాన ఉన్న వాదనతో పాటు నా తప్పునూ అంతే సూటిగా చెప్పారు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 17వ నియమం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించరాదంటుంది. అయితే ఉద్యోగులు మాత్రమే ఉన్న ఆంతరంగిక సమావేశంలో తమ ప్రయోజనాలకు సంబంధించిన విషయాలను చర్చించుకోవడానికి అదే నియమం వీలు కల్పిస్తుంది. ఉపాధ్యాయుల గ్రూపును అలాంటి సమావేశంగా చూడాలని వాదించవచ్చు గాని, నాలుగో వాక్యానికి ఆ రక్షణ అడగవద్దు, దానికి విచారం తెలపండి అన్నారు. ప్రభుత్వోద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పిన విషయాన్నీ, ఫేస్‌బుక్ పోస్టు మీద చర్యకు గురైన ఒక ఉద్యోగిని కేసులో త్రిపుర హైకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన తీర్పునూ వివరించారు. కాని అవి జవాబులో రాయలేదు. అవి కోర్టుకు వెళితే పనికివచ్చేవి, ఇక్కడ ముందు జరిగింది జరిగినట్లు చెప్పాలి అన్నది ఆయన అభిప్రాయం. పై అధికారికి రాసే తొలి కాగితంలోనే తీర్పులు గుప్పించడం ఎదుటివారిని మొండికేయించడమేనని నేను ఇప్పుడు నమ్ముతున్నాను.

చివరకు తయారైన సమాధానం ఒకటిన్నర పేజీ. పూర్తి సందేశం ప్రతి జతచేశారు, సిగ్నల్ సమస్యపై అంతకుముందు ప్రధానోపాధ్యాయుల ద్వారా నేను ఇచ్చిన అర్జీ తేదీ ప్రస్తావించారు, నాలుగో వాక్యానికి ఒకే ఒక్క పంక్తిలో విచారం తెలిపారు. మరో స్క్రీన్‌షాట్ ఏదైనా ఆధారంగా ఉంటే దాని నకలు ఇవ్వమని కూడా కోరారు. రెండు నెలల తరువాత, ఇకపై జాగ్రత్తగా ఉండాలన్న హెచ్చరికతో విషయం ముగిసింది. అభిశంసన కాదు కనుక ఎస్‌ఆర్‌లో, అంటే నా సర్వీసు రిజిస్టరులో, శిక్షగా ఏమీ ఎక్కలేదు.

రెండువేల ఐదువందల రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి అది ఎక్కువ కాదు, అయితే రసీదు అడిగితే తప్ప ఇవ్వలేదు. సమయం చెప్పి పిలిచి రెండున్నర గంటలు మెట్ల మీద కూర్చోబెట్టారు. పాత ఫాంటు నుంచి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోయి, నా ఊరి పేరే తప్పు పడింది. సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం చదువుకోవాలి.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మరొకటి. టైపు చేసే కుర్రవాడి కంప్యూటరు తెర గుమ్మానికి ఎదురుగా ఉంది. నా వంతు కోసం నిలబడినప్పుడు మరో ఉపాధ్యాయురాలి నోటీసు, ఆమె పేరు, బడి పేరు, ఆమె రాసిన వ్యాఖ్యతో సహా నా కళ్ల ముందు తెరచి ఉంది. స్క్రీన్‌షాట్ బయటికి పొక్కడం వల్లే కష్టాల్లో పడి వచ్చిన మనుషుల కాగితాలను అలా నలుగురికీ కనిపించేలా ఉంచడం సహించరాని విషయం. ఆ మాట పెద్దాయనతో అప్పుడే చెప్పాను, ఆయన నొచ్చుకోలేదు.

గత నెల మా బడిలోని ఒక టీచర్‌కు తోడుగా మళ్లీ వెళ్లాను. తెరను గోడ వైపు తిప్పారు. ఫైళ్లు మాత్రం ఇంకా మనుషుల పేర్లతోనే ఉన్నాయి, పని పూర్తయ్యాక వాటిని చెరిపేస్తారా అని అడిగితే కుర్రవాడు న్యాయవాది గారి వైపు చూశాడు. ఆవిడ సందేశాన్ని మా ఎదుటే ప్రింటు తీయించుకుని, ఆ కంప్యూటరులోని ప్రతిని మేమే చెరిపించి వచ్చాము.