ఇంట్లోనే బిగించుకున్న రివర్స్ సెన్సర్లు: మూడేళ్ల తర్వాత

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాకు దక్కిన చోటు రెండు స్తంభాల మధ్య. కుడివైపు స్తంభానికి నా కారు తెల్లరంగు ఇప్పటికీ అంటుకునే ఉంది. రెండోసారి గీరుకున్నప్పుడు బంపర్ సరిచేసి పెయింట్ వేసినందుకు రూ.4,500 అయింది. ఆ వారమే రూ.1,100 పెట్టి, వెనక ఏదైనా అడ్డొస్తే బీప్‌మని చెప్పే నాలుగు సెన్సర్ల కిట్ తెప్పించాను. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు. నాది 2014 మోడల్ కాబట్టి ఆ భాగ్యం లేదు.

ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ బిగింపుకి రూ.800 అడిగాడు. నిజానికి ఎక్కువేం కాదు. కానీ ఎక్కడ పడితే అక్కడ బెజ్జాలు పెట్టేస్తాడేమోనన్న అనుమానంతో ఒక ఆదివారం నేనూ, మా బామ్మర్దీ డ్రిల్లు పట్టుకుని కూర్చున్నాం.

మొత్తం పనిలో గుండె దడదడలాడేది మొదటి బెజ్జం దగ్గరే. వేశాక వెనక్కి తీసుకోలేం కదా. బంపర్ మీద మాస్కింగ్ టేపు అంటించి, నేల నుంచి 55 సెం.మీ. ఎత్తులో గీత గీశాం. చివరి రెండు సెన్సర్లు మూలల నుంచి జానెడు లోపలికి, మధ్యవి రెండూ సమాన దూరంలో. డ్రిల్లు పెట్టే ముందు బంపర్ కిందనుంచి చెయ్యి పెట్టి తడమాలి. లోపల ఇనుప బార్ ఉంటుంది, సెన్సర్ వెనక భాగం దానికి తగిలితే లోపలికి దిగదు. మేము తడిమాం కాబట్టి మధ్యవాటిని రెండు వేళ్లు పైకి జరుపుకున్నాం. కిట్‌తో వచ్చిన 22 మి.మీ. గుండ్రటి కట్టర్‌ని నిదానంగా తిప్పితే ప్లాస్టిక్ చక్కగా బిళ్లలా ఊడొచ్చింది. స్పీడు పెంచితే ప్లాస్టిక్ కరిగి అంచులు ముద్దకడతాయి. నాలుగో బెజ్జం అలాగే అయింది, బ్లేడుతో చెక్కాల్సి వచ్చింది.

కరెంటు రివర్స్ లైటు నుంచే తీసుకోవాలి. ఇంజన్ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం ఆన్‌లో పెట్టి రివర్స్ గేర్ వేస్తే, టెస్ట్ లైటుతో ఏ వైరులో 12 వోల్టులు వస్తున్నాయో తెలిసిపోతుంది. ఎర్ర వైరు దానికి, నల్లది బాడీ ఎర్త్‌కి. సెన్సర్ల వైర్లన్నీ వచ్చి కలిసే కంట్రోల్ పెట్టె మీద ఎ, బి, సి, డి అని సాకెట్లుంటాయి. అవి తారుమారైతే కుడివైపు గోడ వస్తుంటే డ్యాష్‌బోర్డు మీది డిస్‌ప్లేలో ఎడమవైపు గీతలు వెలుగుతాయి. మా బామ్మర్ది ప్లగ్గులు పెట్టాడు, నేను చూడలేదు. అంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకో తప్పు మాత్రం నాదే. సెన్సర్ వెనక పైకి చూపే బాణం గుర్తు ఉంటుంది. దాని ధ్వని తరంగాలు అడ్డంగా వెడల్పుగా, నిలువుగా సన్నగా వెళ్తాయి. నేను ఒకదాన్ని పక్కకి తిప్పి బిగించాను. ఇక సెల్లార్ ర్యాంపు మీద రివర్స్ వేస్తే చాలు, వెనక ఏమీ లేకపోయినా ఒకటే మోత. అది నేలనే అడ్డంకి అనుకుంటోందని తెలుసుకోవడానికి పది రోజులు పట్టింది.

మొదటి వానాకాలంలో స్టెప్నీ గుంతలో నీళ్లు కనిపించాయి. వైర్లు లోపలికి తీయడానికి రబ్బరు బిరడాకి చీలిక పెట్టి, సిలికాన్ పూయడం మర్చిపోయాను. ఏడాది తర్వాత బీప్ వచ్చిపోతూ ఉంది. వైర్లు కలపడానికి కిట్‌తో ఇచ్చిన నొక్కుడు క్లిప్పు వదులైంది. అప్పుడు వైరు టంకం వేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను, ఆ తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. ఆ క్లిప్పులు మొదటిరోజే చెత్తలో పడేసి ఉండాల్సింది.

రెండేళ్లకు కుడి చివరి సెన్సర్ పోయింది. కనుక్కోవడం తేలికే. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, రివర్స్ గేర్‌లో ఉంచి, సెన్సర్‌కి దగ్గరగా చెవి పెడితే సన్నగా టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. ఆ ఒక్కటీ మూగగా ఉంది. పెట్టె దగ్గర పక్కదాని ప్లగ్గుతో మార్చి చూశాను, తప్పు సాకెట్‌ది కాదని తేలింది. విడిగా రూ.250. నల్లది దొరికింది, బంపర్ తెల్లది. స్ప్రేతో పల్చగా ఒక్క పూత వేశాను. ముద్దగా పూస్తే సెన్సర్‌కి చెవుడు వస్తుంది.

ఇక రోజువారీ వాడకం. అడుగు దూరం దగ్గర మోత ఏకధాటిగా వస్తుంది, అంటే ఇంకా 30 సెం.మీ. చోటుంది. అది అలవాటయ్యాక సెల్లార్‌లో వాచ్‌మన్ "రానీ రానీ" అనాల్సిన పని తప్పింది. మా నాన్న మాత్రం మొదటి బీప్‌కే బ్రేకు తొక్కి దిగిపోతారు. కారు సగం బయటే ఉంటుంది. "అదే వద్దంటుంటే ఇంకా ఎందుకు పోవడం?" అంటారు.

జోరువానలో ఏమీ లేకుండానే కూస్తుంది, బురద పట్టినా అంతే, తుడిస్తే సరి. సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా సెన్సర్ మీద పెట్టొద్దని ప్రతిసారీ చెప్పుకోవాలి. వీటన్నిటితో సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది వేరే ఉంది. మొన్న సంక్రాంతికి ఊళ్లో పెరట్లోకి రివర్స్ వేస్తుంటే డిస్‌ప్లే ఖాళీగా ఉంది, బీప్ లేదు, చూస్తే డిక్కీ గడ్డివాములో దూరింది. గడ్డి, పరుపు, బట్టల మూట లాంటివి ధ్వనిని పీల్చేసుకుంటాయి, తిరిగి పంపవు. నవ్వుకుని ముందుకి తీస్తే, ఆ పక్కనే రోలు. అది సెన్సర్ చూపుకి కింద ఉండిపోయింది, ఇంకో జానెడు వెళ్లుంటే బంపర్ పగిలేది. సన్నటి ఇనుప చువ్వ, గేటు గొలుసు కూడా దీనికి సరిగా కనబడవు. పిల్లలున్న చోట ఇప్పటికీ దిగి వెనక చూశాకే గేర్ వేస్తాను.

మళ్లీ కొంటే డిస్‌ప్లే లేని, బీప్ మాత్రమే ఉన్న కిట్ తీసుకుంటాను. వెనక్కి వెళ్తూ అద్దాలు చూడాలా, డ్యాష్‌బోర్డు మీది గీతలు చూడాలా? ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్న కారైతే వైరు కోసే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి. ఇంకొకటి, కిట్‌తో పాటే ఒక సెన్సర్ విడిగా కొనిపెట్టుకోండి. తర్వాత అదే ప్లగ్గు దొరకడం కష్టం, నేను మూడు షాపులు తిరిగాను.