ఎంవీపీ కాలనీలో సాయంత్రం జిమ్: మందు మానేసినవాడి రివ్యూ

పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద నాలుగు తిట్లు కూడా ఉన్నాయి. రైతు బజార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, మేడ మీద, ఏసీ లేదు, మన వైజాగ్ ఉక్కలో అదేం చిన్న విషయం కాదు. రోయింగ్ మెషీన్ లాగినప్పుడల్లా కీచుమంటుంది. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నా, సాయంత్రం ఏడింటికి బ్యాచ్ ఉంది కాబట్టి.

మానేసినవాళ్లకి ఆ టైమ్ సంగతి తెలుసు. ఆఫీసు అయిపోయి, ఫ్రెండ్స్ ఫోన్లు మొదలై, బండి దానంతటదే వైన్ షాపు వైపు తిరిగే టైమ్. పొద్దున్నే బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ దగ్గర నడవమని అందరూ చెబుతారు, హాయిగానే ఉంటుంది, కానీ పొద్దున్నే నాకెప్పుడు తాగాలనిపించింది గనక! ఒళ్లు వంచాక కాసేపు తాగాలన్న యావ తగ్గుతుంది, ఆ కాసేపు ఏ గంటలో కావాలో చూసుకోవాలి.

కోచ్ కుర్రాడు బంగారం. మొదట్లో నా చేతులు వణకడం చూసి ఏమీ అడగలేదు, ఐదు కేజీల డంబెల్ తీసుకుని రెండున్నరది పెట్టి "నెమ్మదిగా అన్నా, తొందరేం లేదు" అన్నాడు. రెండు రోజులు రాకపోతే ఫోన్ చేస్తాడు.

ఓనర్‌తోనే తలనొప్పి. లివర్ రిపోర్టు బాలేదని చెప్పినా కొవ్వు కరిగించే డబ్బా అంటగట్టబోయాడు. అలాంటివాటిలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి స్వామీ! ఆదివారం వర్కవుట్ అయ్యాక కొందరు సిట్టింగ్‌కి పిలుస్తారు, ఆ రోజు నేను వెళ్లను.

మా కౌన్సెలర్ అప్పుడప్పుడూ ఒక ఫారం నింపిస్తారు, 1985లో సైకాలజిస్ట్ ఎడ్ డీనర్ వాళ్లు తయారుచేసిన జీవిత సంతృప్తి స్కేలు, ఐదే వాక్యాలు, మొత్తం 35 మార్కులు. నా మార్కులు పెరిగాయి. జిమ్ వల్లా, ఇంట్లో మళ్లీ మాటలు కలిసినందుకా అంటే విడదీసి చెప్పలేను.

ఒక్క మాట. రోజూ గట్టిగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేసి ఇక్కడికి రావద్దు, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టర్, మందులు, ఆ తర్వాతే డంబెల్స్. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు అలవాట్లు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

చేరితే మూడు నెలలకే కట్టండి, ఏడాది ప్యాకేజీ అని ఎంత ఊరించినా సరే. వానపడితే మెట్లు జారతాయి, జాగ్రత్త.