హడ్ ఇంటికి చేయించిన స్వతంత్ర తనిఖీ: కొన్నేళ్లు కాపురమున్నాక నా అభిప్రాయం

ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ శివారున హడ్ (అమెరికా ప్రభుత్వ గృహ, పట్టణాభివృద్ధి శాఖ) అమ్మకానికి పెట్టిన పాత ఇంటిని కొని కొన్నేళ్లుగా అందులోనే ఉంటున్నాను. ఎఫ్‌హెచ్‌ఏ (హడ్‌లోని గృహరుణ బీమా విభాగం) బీమా ఉన్న అప్పు తీరక జప్తయిన ఇళ్లు హడ్ చేతికి వస్తాయి, వాటిని మరమ్మతులు చేయకుండా ఉన్నవి ఉన్నట్టుగానే అమ్ముతారు. కొనేముందు సొంత ఖర్చుతో చేయించిన తనిఖీ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఆ నివేదికలోని లోపాల జాబితా కంటే, ‘పరీక్షించలేకపోయినవి’ అన్న శీర్షిక కింద ఇన్‌స్పెక్టరు రాసిన పేజీయే నాకు ఎక్కువ అక్కరకు వచ్చింది.

చలికాలంలో గొట్టాలు పగలకుండా ఇంట్లోని నీటినంతా తీసేసి, టాయిలెట్లలో చలికి గడ్డకట్టని గులాబీరంగు ద్రవం (యాంటీఫ్రీజ్) పోసి ఉంచారు. గాలి పీడన పరీక్షలో నీటి గొట్టాలు నిలవలేదని హడ్ ఇచ్చిన స్థితి నివేదికలోనే ఉండడంతో, తనిఖీ కోసం కరెంటు, గ్యాసు పెట్టించుకోవడానికి అనుమతి దొరికింది గానీ నీటికి దొరకలేదు. అందువల్ల ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు, కరెంటు ప్యానెలు చూడగలిగిన ఇన్‌స్పెక్టరు, పై అంతస్తు స్నానాల గది గురించి ఒక్క మాటైనా ఊహించి రాయలేదు. ఇల్లు చేతికి వచ్చాక ప్లంబరును దగ్గర ఉంచుకుని ఒక్కొక్క వాల్వు చొప్పున నీరు వదలాలని, అది పూర్తయ్యేదాకా కింది భోజనాల గది పైకప్పుకు రంగు వేయించవద్దని రాశారు.

మేము అలాగే చేశాము. బేస్‌మెంటులో పగిలిన గొట్టం వెంటనే బయటపడింది. అది ముందే అనుకున్నది. షవరు అడుగున నీరు నిలబెట్టిన కాసేపటికి భోజనాల గది పైకప్పు మీద తడి మరక మొదలై, చూస్తుండగానే పళ్లెమంత అయింది. టైళ్ల కింద నీరు దిగకుండా ఆపే షవర్ పాన్ చీలిపోయిందని, అటు పక్క చెక్క కొంత మెత్తబడిందని పైకప్పు కోసి చూస్తే తెలిసింది. ఖర్చు తక్కువేమీ కాలేదు, కానీ ఆ పేజీని బట్టి ముందే పక్కన పెట్టుకున్న సొమ్ము సరిపోయింది, కొత్త రంగు మీద పెట్టవలసిన డబ్బూ మిగిలింది.

ఎయిర్ కండిషనరును చలిలో నడపలేనని కూడా అదే పేజీలో ఉంది. తొలి వేసవిలోనే కంప్రెసర్ పోయింది. మురుగు గొట్టాన్ని కెమెరాతో విడిగా చూపించుకోమన్న సలహా కూడా అందులోదే. మట్టి గొట్టంలో చెట్ల వేళ్లు అల్లుకుని ఉన్నాయని సంతకాలకు ముందే తెలిసింది.

అప్పట్లో అడిగినవారందరికీ ఆ ఇన్‌స్పెక్టరు పేరే చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే ఒక మాట చేర్చి చెబుతున్నాను. అటక బాగున్నదని రాసిన ఆయన, స్నానాల గది ఫ్యాను గొట్టం బయటికి పోకుండా అటకలోనే ఆగిపోవడాన్ని గమనించలేదు. ఆ తేమకు మరుసటి చలికాలానికి అటక మీది ఇంటి కప్పు చెక్క నల్లబడింది. చూడలేనిదాన్ని అంత నిజాయితీగా రాసిన మనిషి, చూడగలిగినదాన్ని కొంచెం తొందరగా చూశారనిపిస్తుంది.

తనిఖీలో ఎన్ని లోపాలు బయటపడినా హడ్ ధర తగ్గించదు, బాగుచేసి ఇవ్వదు. ఇంట్లో తామే ఉండటానికి కొనేవారికి మాత్రం ఒప్పందం ఖరారయ్యాక 15 రోజుల తనిఖీ గడువు ఉంటుంది. నివేదిక ఉపయోగం కొనాలా, వెనక్కి తగ్గాలా అని తేల్చుకోవడానికి, మరమ్మతు సొమ్ము అంచనా వేసుకోవడానికి. పెట్టుబడి కోసం కొనేవారికి ఆ వెసులుబాటు లేదు కనుక వారు బిడ్ వేయకముందే ఇల్లు చూపించుకోవాలి. మాకు అద్దె ఇల్లు ఇంకా చేతిలో ఉండటం వల్ల నీళ్లు లేని ఇంట్లో మరమ్మతులు నింపాదిగా చేయించుకోగలిగాము. సంతకాలైన వారంలోనే సామాను దించవలసిన కుటుంబానికి, నీరు పెట్టి చూడనివ్వని ఇంటిని ఇంత ధీమాగా సిఫారసు చేయలేను.