అండాశయ క్యాన్సర్‌కి టీకా: అందరికీ ఒకటేనా, ఎవరి కణితితో వాళ్లదా?

మా పిన్నికి అండాశయ క్యాన్సర్‌కి కీమో అయిపోయిన దగ్గర్నుంచి కావలిలో ఎవరింటికెళ్లినా ఒకటే మాట, "క్యాన్సర్‌కి టీకా వచ్చిందంట గదా, ఇప్పించకూడదా?" అని. ఆడపిల్లలకి వేసే హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసేది, అండాశయానికి దానితో సంబంధం లేదు. నేను చెప్పేది జబ్బు వచ్చాక, అది తిరగబెట్టకుండా మన రోగనిరోధక కణాలను దాని మీదికి ఉసిగొల్పే టీకా గురించి. అది ఇంకా ప్రయోగాల్లోనే ఉంది, ఆపరేషన్‌కీ కీమోకీ బదులు కాదు.

ఈ టీకాల్లో రెండు రకాలు. ఒకటి రెడీమేడ్ రకం. కణితి మీద కనిపించే ఒక గుర్తును ఎంచుకుని అందరికీ అదే మందు ఇస్తారు. చవగ్గా చేయొచ్చు, ఫ్రిజ్‌లో పెట్టి నెల్లూరు దాకా పంపొచ్చు. కానీ అండాశయ కణితి మీద కనిపించే సీఏ-125 అనే గుర్తును పోలిన అబాగోవొమాబ్ అనే టీకాను 888 మంది మీద పరీక్షిస్తే, 2013లో వచ్చిన ఫలితం నిరాశే: ఒంట్లో యాంటీబాడీలు బాగానే పుట్టాయి, జబ్బు తిరగబెట్టడం మాత్రం తగ్గలేదు. ఈ కణితిలో కణాలన్నీ ఒకేలా ఉండవు, ఒక్క గుర్తునే నమ్ముకుంటే అది లేని కణం తప్పించుకుంటుంది.

రెండోది కొలతిచ్చి కుట్టించుకున్న జాకెట్టు లాంటిది. విజిల్ అనే టీకాలో ఆపరేషన్‌లో తీసిన ఆ రోగి కణితి కణాలకే, రోగనిరోధక కణాలను పిలిచే జన్యువును చేర్చి, కణితి కణాలు దాక్కోవడానికి వాడుకునే ఫ్యూరిన్ అనే ప్రోటీన్‌ను అణిచి, మళ్లీ పెరగకుండా రేడియేషన్ ఇచ్చి, చర్మంలోకి ఎక్కిస్తారు. 2020 నాటి ఫలితాల్లో జబ్బు తిరగబెట్టకుండా గడిచిన మధ్యస్థ కాలం టీకా వేసినవాళ్లలో 11.5 నెలలు, వేయనివాళ్లలో 8.4. గణాంకాల లెక్కలో ఆ తేడా గట్టిగా నిలవలేదు. బీఆర్‌సీఏ (మార్పు వస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువు)లో మార్పు లేనివాళ్లలో మాత్రం మేలు ఇంకాస్త బాగా కనిపించింది. ఖర్చెక్కువ, తయారీకి వారాలు పడుతుంది, ఒక్కోసారి సరిపడా కణాలే దొరకవు. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే ఒక్క గుర్తు కాకుండా ఆమె కణితి గుర్తులన్నీ అందులో ఉంటాయి.

పిన్ని ఆపరేషన్ రోజు నర్సు కణితి ముక్క ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతికిచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంది. మూత చుట్టూ తెల్ల ప్లాస్టర్, దాని మీద బాల్‌పెన్నుతో పేరు, మెట్లు దిగుతుంటే ముక్క పాడవకుండా పోసే ఫార్మలిన్ ఘాటు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క బయాప్సీకి, జన్యు పరీక్షకి పనికొస్తుంది గానీ ఇలాంటి టీకాకి బతికున్న కణాలు కావాలని నాకు అప్పుడు తెలీదు. మీ ఇంట్లో ఎవరినైనా చెన్నైకో ఇంకెక్కడికో తీసుకెళ్తుంటే, ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే డాక్టర్‌ని అడగండి: ఇలాంటి ట్రయల్ ఏదైనా నడుస్తోందా, కణితి ముక్కని ఫార్మలిన్‌లో వేయకముందే కొంత దాచే వీలుందా అని.