‘ఫ్రెష్ ఫ్లవర్స్ – లంప్‌సమ్’ అని రాసిన కొటేషన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి: బెంగళూరు పెళ్లిళ్లవాళ్లకి హెచ్చరిక

శ్రావణంలో మారతహళ్లి వైపు ఒక ఛత్రంలో (పెళ్లి హాల్లో) జరిగిన తెలుగువాళ్ల పెళ్లి. డెకరేటర్ ఇచ్చిన కొటేషన్ ఒకే ఒక్క పేజీ. స్టేజి, మంటపం, ఎంట్రన్స్, కారు అని నాలుగు ముక్కలు, ఎదురుగా ‘ఫ్రెష్ ఫ్లవర్స్’, కింద అన్నీ కలిపి ఒకే అంకెగా 1,85,000 లంప్‌సమ్. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘పూలు లభ్యతను బట్టి మారవచ్చు’. ఫోన్లో చూపించిన ఫొటోల్లో మల్లెల తెర, గులాబీ గుత్తులు, ఆర్కిడ్లు. రిసెప్షన్‌కి దిగినవి మాత్రం ప్లాస్టిక్ తీగ మీద అక్కడక్కడా గుచ్చిన చామంతులు, అడుగుకొకటి చొప్పున వేలాడే బంతి సరాలు, కారుకి రంగేసిన జెర్బెరాలు. మర్నాడు ముహూర్తానికీ అవే పూలు, అంచులు మాడిపోయి. అడిగితే వచ్చిన జవాబు: “వరమహాలక్ష్మి హబ్బ (పండగ) సార్, మార్కెట్లో పువ్వే లేదు.” బ్యాలెన్స్ ముందురోజే కట్టించుకున్నారు కాబట్టి ఆ తర్వాత ఫోనెత్తలేదు.

మోసం ఎక్కడుందంటే, అతను చెప్పినది సగం నిజం. ఆ వారం పువ్వు నిజంగానే కరువు. ఆ సంగతి కొటేషన్ ఇచ్చిన రోజే అతనికి తెలుసు, పెళ్లివాళ్లకి తెలీదు. ధర పెరిగితే పువ్వు మార్చేయడానికి ఆ చివరి లైను ఉంది. ధర పడిపోతే మీకు తగ్గించడానికి ఏ లైనూ లేదు.

మన ముహూర్తాలూ పూల ధరలూ ఒకే పంచాంగం మీద నడుస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వదిలేస్తే మిగిలిన నెలల్లో మంచి తేదీలు గుప్పెడే. ఆ తేదీకి ఊళ్లో ఛత్రాలన్నీ నిండుతాయి, డెకరేటర్లందరూ తెల్లవారుజామున అదే కేఆర్ మార్కెట్లో తేలతారు. వీటిలో శ్రావణం అన్నిటికన్నా ఖరీదు. వరలక్ష్మీ వ్రతానికి ముందు మూడు నాలుగు రోజులు ఇంటింటికీ పూలు కావాలి, ఆ వెనకే గౌరీ గణేశ పండగలు. మామూలు రోజుల్లో కిలో వందలోపు దొరికే బంతి కూడా అప్పుడు మాట వినదు. కనకాంబరం, మల్లె కిలో వేలల్లోకి వెళ్తాయి. తేదీ మార్చుకోలేకపోతే పువ్వు మార్చుకోండి. శ్రావణంలో కనకాంబరం తలలోకి మాత్రమే ఉంచి, మంటపానికి ఆకు ఎక్కువగా, నేలసంపెంగ, కొబ్బరాకు అల్లికలు పెట్టుకుంటే చూడ్డానికి తక్కువేం కాదు.

కార్తీకం, మార్గశిరం చామంతి నెలలు. పగటి వెలుగు తగ్గితే పూసే మొక్క అది, అందుకే చలికాలంలో కుప్పలుగా వస్తుంది. దీపావళి దాటగానే బంతి ధర కూలిపోతుంది, కాబట్టి ఆ నెలలో పెళ్లికి బంతికి పండగ రేటు వేసిన కొటేషన్ చూస్తే గట్టిగా బేరమాడండి. చలికి మల్లె దిగుబడి పడిపోతుంది, ధర బాగా పెరుగుతుంది. మాఘంలో ముహూర్తం ఫిబ్రవరి 14కి ముందు పదిరోజుల్లో పడితే పొడుగు కాడల గులాబీలు వద్దనండి. బెంగళూరు, హోసూరు పాలీహౌసుల్లో మంచి సరుకు ఎగుమతికి పోతుంది, మిగిలినదానికి ఇక్కడ పోటీ. మల్లె కావాలనుకునేవాళ్లకి వైశాఖం, జ్యేష్ఠం. అప్పుడు తెర నిండా మల్లెలన్నా నమ్మచ్చు. ధనుర్మాసం అటూ ఇటూగా ఎవరైనా ‘మల్లెల తెర’ అన్నారంటే అది మల్లె కాదు.

ఇంకొకటి, గులాబీ కాడలు, కార్నేషన్లు, జెర్బెరాల దారి వేరు. అవి తోటల నుంచి నేరుగానో, హెబ్బాళలోని పూల వేలం కేంద్రం ద్వారానో వస్తాయి. మాలలు కట్టే బంతి, చామంతి, మల్లె, కనకాంబరం కేఆర్ మార్కెట్ సరుకు. “మార్కెట్లో పువ్వు లేదు” అని ఎవరైనా అంటే ఏ పువ్వు, ఏ మార్కెట్ అని అడగండి.

ఇక కొలత. చాలా కొటేషన్లు నోరు మెదపనిది దీని గురించే. మంటపం వెనక 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు బంతి తెర అనుకుందాం. కిలో పెద్ద బంతిపూలు దగ్గర దగ్గరగా గుచ్చితే సుమారు 10 అడుగుల సరం వస్తుంది. సరానికీ సరానికీ మధ్య ఎడం 6 అంగుళాలైతే 25 సరాలు, 200 అడుగులు, అంటే 20 కిలోలు. ఎడం 9 అంగుళాలు చేస్తే 17 సరాలు, 14 కిలోల లోపే సరిపోతుంది. అడుగు చేస్తే 13 సరాలు, పదికిలోల చిల్లర. మీకు ఫొటోలో చూపించేది మాత్రం మూడంగుళాల తెర: 49 సరాలు, దాదాపు 40 కిలోలు. ఫొటోకీ వచ్చినదానికీ తేడా నాలుగింతలు, రెండింటికీ కొటేషన్లో రాసే మాట ఒక్కటే, ‘బంతి కర్టెన్’. సరంలోపల కూడా పువ్వుకీ పువ్వుకీ మధ్య ఆకో, గొట్టపు ముక్కో పెట్టి సాగదీస్తారు. అందుకే ‘12×8 తెర, సరాల ఎడం 6 అంగుళాలు, పూలు ఒరుసుకునేలా గుచ్చాలి, 22 కిలోలు’ అని రాయించండి. ఆ పైన రెండు కిలోలు కుళ్లినవి, రాలినవి పోగా.

ఈ లెక్క వేశాక చాలామందికి కోపమొస్తుంది: కిలో వంద చొప్పున నలభై కిలోలైనా నాలుగు వేలే కదా, తెరకి పాతికవేలు ఎందుకని. అక్కడ డెకరేటర్‌కి న్యాయం చెయ్యాలి. రాత్రంతా కూర్చుని గుచ్చేవాళ్ల కూలి, ఇనుప ఫ్రేము అద్దె, టెంపో, మర్నాడు విప్పి చెత్త ఎత్తే మనుషులు, ఇవన్నీ పూలకన్నా ఎక్కువే అవుతాయి. మన అభ్యంతరం దాని మీద కాదు. పూలు ఇంత, కూలి ఇంత, సామాను అద్దె ఇంత అని మూడు అంకెలు విడివిడిగా ఉండాలి. పండగకి పెరిగేది మొదటి అంకె ఒక్కటే. లంప్‌సమ్‌లో కలిపేస్తే “పూల ధర పెరిగింది” అని మొత్తం మీద పాతిక శాతం అడుగుతారు. మీ బడ్జెట్లో అనుకోని ఖర్చుకి పక్కన పెట్టుకోవాల్సింది కూడా పూల అంకె మీద పావు వంతు, మొత్తం బిల్లు మీద కాదు. జీఎస్టీ వేశారా, జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. నంబరు లేకుండా 18 శాతం కలిపే కొటేషన్లు తక్కువేం కాదు.

బెంగళూరు పద్ధతిలో ముందురోజు రాత్రి రిసెప్షన్, మర్నాడు పొద్దున ముహూర్తం. ఒకే పూలని రెండింటికీ నడిపించడం ఇక్కడ మామూలు తంతు. సాయంత్రం నాలుగింటికి కట్టిన పువ్వు లైట్ల వేడిలో రాత్రంతా నిలబడి, తొమ్మిదిన్నర ముహూర్తానికి పద్దెనిమిది గంటల పాతదవుతుంది. ఆర్కిడ్, ఆంథూరియం, చామంతి ఆ పాటు తట్టుకుంటాయి. గులాబీ, జెర్బెరా తట్టుకోవు, జెర్బెరా అయితే మెడ దగ్గర వంగిపోతుంది. స్టేజికి తట్టుకునే పూలు ఎంచుకుని, మంటపం మాత్రం తెల్లవారుజామున మార్కెట్ నుంచి తెచ్చిన పూలతో కొత్తగా కట్టాలని రాయించండి. దీనికి రెండో విడత కూలి అడుగుతారు. ఇవ్వండి, అది దండగ కాదు.

గుత్తులు గుచ్చే పచ్చ స్పాంజిని ఒయాసిస్ అంటారు. నీళ్ల మీద వదిలితే తనంతట తానే మునగాలి. తొందరపడి చేత్తో నొక్కితే పైన తడుస్తుంది, లోపల పొడిగా ఉండిపోతుంది, ఆ పొడి చోట దిగిన కాడకి నీరందదు. పాత కన్నాలున్న స్పాంజిని మళ్లీ వాడటం ఇంకా ఘోరం, ఒకసారి ఆరినది సరిగా నీరు పీల్చదు. సాయంత్రం సెట్టింగ్ జరిగేటప్పుడు ఇంట్లోవాళ్లు ఒకరు వెళ్లి స్పాంజి ఇటుకలు కొత్తవో కావో చూస్తే చాలు. కార్నేషన్లు, ఆర్కిడ్లని పళ్ల బుట్టలు పెట్టిన గదిలో ఉంచనివ్వకండి. పండే అరటిపళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి కార్నేషన్ రేకులు ముడుచుకుపోతాయి. మన పెళ్లిళ్లలో పళ్లూ పూలూ ఒకే ఏసీ గదిలో పడేయడం అలవాటు, చెడగొట్టేది కూడా అదే.

నీలం రంగు చామంతులు కనిపిస్తే అవి రంగు వేసినవే, చామంతిలో నీలం మామూలుగా పూసేది కాదు. తాజాగా ఉండాలని నీళ్లు చల్లగానే ఆ రంగు పట్టుచీరకి దిగుతుంది. తడి తెల్లగుడ్డతో ఒక రేకుని తుడిచి చూడండి. దండల్లో, కూర్చునే చోట రంగు పూలు అసలు వద్దు.

మల్లె పేరుతో ఇచ్చే సరుకు గురించి కొంచెం వివరంగా. గుండుమల్లె మొగ్గ గుండ్రంగా ఉంటుంది, వాసన చెయ్యి దాటి వస్తుంది. చలికాలంలో దాని బదులు కాగడా ఇస్తారు: మొగ్గ సన్నం, మొన కూచిగా, తెలుపు ఎక్కువ, వాసన దాదాపు ఉండదు. దండల్లో నందివర్ధనం మొగ్గలు కూడా కలుపుతారు. కాడ తుంచితే తెల్లటి పాలు కారితే అది నందివర్ధనం. కాగడా వాడటం తప్పు కాదు, నిజానికి ఎక్కువసేపు నిలుస్తుంది. మల్లె ధర పెట్టి కాగడా కొనడమే తప్పు.

పూలజడ దగ్గర చాలామంది బోల్తాపడేది వేళ దగ్గర. తెల్లవారుతూ కోసిన మల్లె మొగ్గ ఆ సాయంత్రానికే విచ్చుకుంటుంది, మర్నాటి పొద్దుటికి అంచులు గోధుమరంగు తిరుగుతాయి. రాత్రి రిసెప్షన్‌కి మల్లెజడ బ్రహ్మాండం. పొద్దున ముహూర్తానికి ముందురోజు కొన్న మల్లె మొగ్గలతో జడ కట్టిస్తే మొగ్గజడ కాదు, వాడిన పూలజడ వస్తుంది. జడ మొత్తం నేలసంపెంగ మొగ్గలతోనో కాగడాతోనో కట్టించుకుని, వాసన కోసం చివర్లో రెండు మూరల తాజా మల్లె చుట్టుకోవడం తెలివైన పని. ఐసు పెట్టెలో దాచిన మొగ్గలని నమ్మకండి. బయటికి తీశాక సరిగా విచ్చుకోవు, చప్పున నల్లబడతాయి. ఇంట్లో దాచాలంటే తడిపి పిండిన పల్చటి నూలుగుడ్డలో చుట్టి అరటాకులో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. నీళ్లలో ముంచకండి. కనకాంబరానికి తడి అసలు పడదు.

మూర అంటే అమ్మే మనిషి మోచేతి నుంచి వేలి కొసదాకా, మారు అంటే అతని రెండు చేతుల బార. రెంటికీ మీ టేపు పెట్టి చూడక్కర్లేదు గానీ జానెడు ముక్కలో ఎన్ని జంటలు కట్టారో లెక్కపెట్టండి, వదులుగా కట్టిన మూర సగం దారమే. కిలో లెక్కన కొంటే తడి పూలు తూకం వేయనివ్వకండి. వానాకాలంలో బంతి, చామంతి నీళ్లే మోస్తాయి, పైగా తడిసిన కుప్ప లోపల వేడెక్కి రాత్రికి రాత్రే కుళ్లుతుంది.

డబ్బు తక్కువైతే కోత ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. దండలు, జడ, ఆడవాళ్ల తలలోకి పూలు, గౌరీపూజ పూలు, మామిడి తోరణం, వీటిలో తగ్గించొద్దు; పరిమాణం తక్కువ, దగ్గరగా కనిపించేవి. తర్వాత మంటపం వెనక తెర. కారు, ఎంట్రన్స్ ఆర్చి, నడవ పక్కన గుత్తులు చివర, నిర్మొహమాటంగా కొట్టేయండి. పేర్లు రాసే థర్మాకోల్ బోర్డు అంటే వద్దనండి, అలంకరణకి థర్మాకోల్ వాడకం 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. ఇంకో మాట, బయటి డెకరేటర్‌ని తెస్తే రాయల్టీ పేరుతో అదనంగా వసూలు చేసే ఛత్రాలు చాలా ఉన్నాయి. హాలు బుక్ చేసేటప్పుడే ఎంతో కాగితం మీద తీసుకోండి, లేకపోతే రెండు పార్టీల మధ్య మీరు నలుగుతారు.

కొటేషన్ చివర ఆ ‘మారవచ్చు’ లైను కొట్టేసి దీన్ని పెట్టించండి: “పువ్వు మార్చాల్సి వస్తే ముందురోజు ఉదయం లోపు వాట్సాప్‌లో తెలిపి ఒప్పుకోలు తీసుకోవాలి. మార్చిన పువ్వు ధర తక్కువైతే తేడా తగ్గించాలి. అనుమతి లేకుండా ప్లాస్టిక్, గుడ్డ పూలు వాడితే ఆ భాగానికి డబ్బు లేదు.” అడ్వాన్స్ 30 శాతం, రిసెప్షన్ సెట్టింగ్ చూశాక 40, ముహూర్తం అయ్యాక 30. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ముఖ్యంగా పెద్ద ముహూర్తాలకి. కనీసం చివరి 20 శాతమైనా మీ చేతిలో ఉండాలి, అది కూడా కుదరదంటే ఇంకొకర్ని చూసుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు కొటేషన్, ఫోన్లో పంపిన నమూనా ఫొటోలు, చెల్లింపు రుజువులు, పెళ్లినాటి ఫొటోలు టైముతో సహా దాచుకోండి. ముందు రాతపూర్వకంగా నోటీసు పంపి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయచ్చు, రెండేళ్ల లోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.